మిరపఘాటుకు "అలవాటు" పడుట ఆరోగ్యము కాదు



మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు, పల్నాడు, ఖమ్మం జిల్లాలలో ఏ మిరప కల్లమునకు పోయినను మొదట వినవచ్చునది దగ్గు. తాలుకాయలు ఏరు స్త్రీలు దగ్గుచుందురు. టిక్కీలలో కాయ తొక్కు కూలీలు దగ్గుచుందురు. బేరమునకు వచ్చిన వర్తకుడు రెండు నిమిషములకే రుమాలు తీయును. మనము దీనిని నవ్వుతో సరిపెట్టుకొందుము. "మిరపకాయ కదా, ఘాటుండదా? నాలుగు రోజులైతే అదే అలవాటగును" అందుము.

నేనును అట్లే అంటిని. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కల్లమువద్ద కాయలో తేమ శాతము చూచుచుండగా, తాలు ఏరుచున్న ఒక నడివయస్సు ఆమె దగ్గు ఆగక ప్రక్కకు పోయి కూర్చున్నది. ఆమె రొమ్ములోని పిల్లికూతలు నాకు వినబడినవి. "కొత్తగా వచ్చినావా అమ్మా?" అని అడిగితిని. "పదేండ్లనుంచి ఇదే పనయ్యా. మొదట్లో ఘాటు తగిలేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు మళ్ళీ మొదలైంది" అన్నది. నేను తేమ శాతము వ్రాసికొని వచ్చితిని. ఆమె మాట వ్రాసికొనలేదు. మరుసటి ఏడు ఆమె పనికి రాలేదు. ఆయాసముతో ఇంటిపట్టుననే ఉన్నదని తోడి కూలీలు చెప్పిరి. "అలవాటు" అను మాటలో ఉన్న పొరపాటును మీ ముందుంచుటకే ఈ వ్యాసము.

శరీరములోని తూములు

మన శరీరములోని ప్రతి జీవకణము చుట్టును ఒక పలుచని పొర గట్టువలె ఉన్నది. ఆ గట్టులో కంటికి కనబడని తూములు కలవు. వీనిగుండా సోడియము, పొటాషియము, కాల్షియము మున్నగు అయానులు, అనగా విద్యుదావేశము గల లవణ కణములు పారును. అయానులు మీకు కొత్తవి కావు. చౌడు నేలకు జిప్సము వేసినపుడు అందలి కాల్షియము అయానులు మట్టిని పట్టుకొనియున్న సోడియము అయానులను నెట్టివేయును. ఆకులమీది పత్రరంధ్రములు తెరచుకొనుటకును పొటాషియము అయానులు ఇట్టి తూములగుండా పారుటయే కారణము. మొక్కకున్న ఏర్పాటే మనకును ఉన్నది.

మిరపకు ఘాటు నిచ్చు పదార్థము కాప్సైసిన్. ఇది గింజలో కంటె గింజలు అంటుకొనియుండు తెల్లని పొరలో ఎక్కువ. ఎండుకాయ చిట్లినపుడు ఇది ధూళితో కలసి గాలిలోనికి లేచును. కాప్సైసిన్ ఏ తూమును తెరచునో 1997లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు కనుగొనిరి. దాని పేరు టి.ఆర్.పి.వి.1. సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు వేడికిని ఇదే తూము తెరచుకొనును. అందుకే మిరప కొరికిన నోరు మండినట్లుండును. ఆ నాడికి నిప్పుకును మిరపకును భేదము తెలియదు. జూలియస్‌కు 2021లో ఆర్డెమ్ పటపూటియన్ అను మరియొక శాస్త్రవేత్తతోపాటు నోబెల్ బహుమానము లభించినది. చిలుకలు పండుమిరపను హాయిగా తినుటకు కారణము, పక్షులలో ఈ తూము కాప్సైసిన్‌కు తెరచుకొనకపోవుటయే.

శ్వాసనాళములలోని నాడుల కొసలయందును ఈ తూము ఉన్నది. కాప్సైసిన్ తగులగనే అది తెరచుకొని సోడియము, కాల్షియము లోనికి పారును. నాడి మేల్కొని మెదడుకు కబురంపును. దగ్గు వచ్చును. పొగలోని అక్రోలిన్ అను పదార్థము దీనికి చుట్టమైన టి.ఆర్.పి.ఎ.1 అను మరియొక తూమును తెరచును. కల్లము ప్రక్కనే మిరపకట్టె తగులబెట్టినచో కూలీల ఊపిరికి రెండు వైపులనుండి దెబ్బ తగులునన్నమాట.

ఉబ్బసములో జరుగునది

ఆరోగ్యవంతునకు దగ్గు కావలివాని కేక వంటిది. ఉబ్బసము గలవానికి శ్వాసనాళపు లోపలి పొర వాచియుండును. ఆ వాపులో పుట్టు పదార్థములు ఈ తూములను సులువుగ తెరచుకొనునట్లు చేయును. ఇతరులకు లెక్కకురాని ఘాటు అతనికి భరింపరానిదగును. నాడుల ఆజ్ఞకు శ్వాసనాళము చుట్టునున్న కండరము బిగిసికొనును, గాలి త్రోవ ఇరుకగును, పిల్లికూతలు పుట్టును.

కండరమును బిగించునది కాల్షియము. ఇది కొంత బయటినుండి తూములగుండా వచ్చును. చాలభాగము కణములోపలి నిలువలనుండియే విడుదలగును. కనుకనే రక్తపోటుకు వాడు, కాల్షియము తూములను మూయు మాత్రలు ఉబ్బసమునకు చెప్పుకోదగిన మేలు చేయలేదు. బయటి తూము మూసినను లోపలి ఊట ఆగదు. మీ ఇంటిలో అట్టి మాత్రలున్నవని ఎవరికిని ఇవ్వవద్దు.

మిరపఘాటు ఒక్కటే ఉబ్బసమును పుట్టించునని నేను చెప్పుట లేదు. వంశపు గుణము, బూజు, ధూళి, పొగ, ఇన్నియు కలియవచ్చును. ఉన్న ఉబ్బసమును ఘాటు రెచ్చగొట్టుననుటలో మాత్రము సందేహము లేదు.

"అలవాటు" అనగా నేమి?

ఎడతెగక కాప్సైసిన్ తగిలినచో ఈ తూము, దానితోపాటు నాడియు కొంతకాలము మొద్దుబారును. కాప్సైసిన్ లేపనమును నొప్పులకు వాడుట ఈ గుణమును బట్టియే. కనుక అలవాటు అనునది బొత్తిగా అబద్ధము కాదు. కాని కావలివాడు అలసి నిద్రపోయినంత మాత్రమున దొంగలు రాక మానరు. దగ్గు తగ్గినను కాయ ధూళి, బూజు రేణువులు ఊపిరితిత్తులలోనికి పోవుచునే యుండును. దగ్గు రానంతకాలము మనము నిశ్చింతగ ఉందుము. ఆయాసము వచ్చిననాడు కర్మ అందుము. నా అభిప్రాయములో అది కర్మ కాదు, మన అశ్రద్ధ.

చేయవలసినవి

కాయను నేలపై గాక పట్టాలపై ఎండబోసి, తేమ 10 శాతమునకు తెచ్చి నిలువచేయవలెను. తొక్కునపుడు కాయ నలుగకుండుటకనియు, తూకమునకనియు నీరు చిలకరించు వాడుక కొన్నిచోట్ల కలదు. దానివలన బూజు పట్టి ధర పోవును, ఊపిరియు పోవును. తాలు ఏరువారిని గాలికి ఎదురుగ గాక గాలి వీపుకు తగులునట్లు కూర్చుండబెట్టవలెను. టిక్కీలు తొక్కుట మూసిన కొట్టులో గాక బయలున జరుగవలెను. మిరపకట్టెను తగులబెట్టక ముక్కలుచేసి భూమిలో కలియదున్నుడు.

పైటకొంగు ఒక్క మడత సన్నని ధూళిని ఆపజాలదు. ముక్కుకు నోటికి బిగువుగ అమరు ఎన్-95 మాస్కును యజమానియే కొని ఇయ్యవలెను. ఒక క్వింటాలు కాయ ధరలో ఈ ఖర్చు లెక్కకు రాదు. "ఇచ్చినను వారు కట్టుకొనరు" అని కొందరందురు. ఎండలో మాస్కుతో పనిచేయుట కష్టమే. గంటకొకసారి నీడలో మాస్కు తీసి ఊపిరి పీల్చుకొనుటకు వ్యవధి ఇచ్చి, అందుకు కూలి తగ్గింపకున్నచో తప్పక కట్టుకొందురు. ఉబ్బసము గలవారికి ఘాటులేని వేరు పని అదే కూలికి చూపుడు. కూలి పోవునను భయముననే వారు జబ్బును దాచుచున్నారు.

గ్రామోద్యోగులకు నా మనవి ఒకటి కలదు. కోతలకు ముందే పిల్లికూతలు, ఆయాసము గల కూలీలను గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. పీల్చు మందు అలవాటైపోవునను భయము నిరాధారము. అప్పటికప్పుడు ఊపిరి నిచ్చు మందు ఒక్కదానినే నమ్ముకొనక, వాపును తగ్గించు మందును వైద్యుడు చెప్పినట్లు క్రమముగ పీల్చవలెను. మృగశిర కార్తెనాడు హైదరాబాదుకు చేప మందుకై పోవువారు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. అది ఉబ్బసమును మాన్పునని శాస్త్రీయముగ రుజువు కాలేదు. నమ్మకముతో పోవువారైనను పీల్చు మందును మాత్రము మానరాదు.

చేనుకు తెగులు సోకినచో మొదటి మచ్చ కనబడగనే మీరు మా వద్దకు పరుగున వత్తురు. ఆ కాయను ఇంటికి చేర్చు మనిషి రొమ్ములో మొదటి పిల్లికూత వినబడిననాడు కూడ అంత తొందరయు పడవలెను. ఈ ఏడు కల్లములలో ఆ కూతను విని ఊరకుండవద్దని మిమ్ములను కోరుచున్నాను.