అనుమానమే ప్రమాణమా?

2026 జనవరిలో విడుదలైన 'మెర్సీ' చిత్రాన్ని విమర్శకులలో అధికులు అతుకులబొంత అన్నారు. ప్రేక్షకులలో పలువురు ఉత్కంఠతో కాలం గడిచిందన్నారు. ఈ రభసలో అసలు ప్రశ్న అడుగున పడిపోయిందని నా అభియోగం.

కథాకాలం 2029, స్థలం లాస్ ఏంజెలెస్. భార్యను హత్య చేశాడన్న ఆరోపణకు గురైన పోలీసు అధికారి, కృత్రిమ మేధయే న్యాయమూర్తిగా ఉన్న న్యాయస్థానంలో, 90 నిమిషాలలో తన నిర్దోషిత్వాన్ని తానే నిరూపించుకోవాలి. లేదా మరణశిక్ష. నేరాన్ని నిరూపించవలసిన భారం ఆరోపించినవారిది కదా! ఆ భారమే తారుమారైనచోట కథనం బిగువుగా ఉన్నదా, సడలినదా అని తూచడమేమిటి?

మన తార్కికులు అనుమానాన్ని ప్రమాణంగా అంగీకరించారు. కాని వారి అనుమానం సందేహం కాదు; హేతువును, ఉదాహరణను ఎదుటివాని ముందుంచి సాధించిన నిర్ణయం. హేతువు చెప్పనిది ఉత్త వాడుకభాషలోని అనుమానమే.

"ఇదంతా జరిగేదా?" అని నవ్వేవారికి ఒక మాట. 2016లో, లూమిస్ వ్యాజ్యంలో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు, ముద్దాయి మళ్ళీ నేరం చేయగలడా అని కంపాస్ అనే సాఫ్ట్‌వేర్ కట్టిన అంచనాను శిక్ష విధించే వేళ పరిశీలించవచ్చునన్నది. హెచ్చరికలు చేసిన మాట నిజమే. అయినా లెక్క కట్టిన తీరు వ్యాపార రహస్యం, ముద్దాయికి చూపలేదు. చిత్రంలోని ముద్దాయికి సాక్ష్యాలు చూసుకునే వీలైనా ఉన్నది!

మిత్రులారా, మాట్లాడే యంత్రానికి జడవనక్కరలేదు. కారణం చెప్పని అంకెకు జడవండి.