మచ్చిక చేయడమా, మాట నేర్పడమా?

పాత ఆంగ్ల నాటకాలలో మీకు మిక్కిలి నచ్చినదేది, బొత్తిగా గిట్టనిదేది అని అడిగితే, మొదటి ప్రశ్నకు చాలామంది ‘హామ్లెట్’ అనో ‘మాక్బెత్’ అనో తడుముకోకుండా చెబుతారు. రెండవ దానికి మాత్రం నోరు మెదపరు. మహాకవి రచన గిట్టదనడానికి ధైర్యం కావాలి కదా! నేను తెలుగు పండితుణ్ణి. ఆంగ్లం నాకు ఆలస్యంగా, కష్టపడగా అబ్బిన విద్య. కనుక ఆ విషయంలో నా భయభక్తులు కొంచెం తక్కువే. నాకు గిట్టనిది షేక్స్పియరు ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’. మిక్కిలి ఇష్టమైనది ఐర్లండులో పుట్టిన బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’. చూడబోతే రెండింటి ఇతివృత్తమూ ఒకటే: ఒక పురుషుడు ఒక స్త్రీని తనకు తోచిన రీతిలో మలచడం.

మొదటి నాటకంలో పెట్రూషియో గయ్యాళిగా పేరుపడిన కేథరీనాను పెళ్ళాడి, తిండి నిద్ర లేకుండా చేసి లొంగదీస్తాడు. డేగను మచ్చిక చేసే పద్ధతి ఇదేనని తానే చెప్పుకుంటాడు. పట్టపగలు సూర్యుణ్ణి చూపించి చంద్రుడంటే ఆమె చంద్రుడనే అనాలి. చివరకు ఆమె భార్యలందరికీ విధేయత గురించి సుదీర్ఘంగా ఉపన్యసిస్తుంది. ఇది ప్రహసనమనీ, తాగుబోతు స్లై ఎదుట ఆడే నాటకంలో నాటకమనీ కొందరు సమర్థిస్తారు. ఆ వాదనను నేను కొట్టిపారేయను. నా అభ్యంతరం వేరు. పెట్రూషియోకు స్వగతం ఉంది, కేథరీనాకు లేదు. ఆ ఆకలి రాత్రులలో ఆమె ఏమనుకున్నదో మనకు తెలియనే తెలియదు.

ఈ అసంతృప్తి నా ఒక్కడిదే కాదు. షేక్స్పియరు సమకాలికుడు ఫ్లెచర్, పెట్రూషియోను రెండవ భార్య లొంగదీసినట్లు మరో నాటకం రాశాడు. 1633 నవంబరులో ఈ రెండింటినీ రెండు రోజుల తేడాతో చార్లెస్ రాజు కొలువులో ఆడితే, ఫ్లెచర్ నాటకమే ఎక్కువ నచ్చిందని నాటి అధికారి రాసుకున్నాడు. 1897లో ‘ష్రూ’ చివరి రంగాన్ని తీవ్రంగా గర్హించిన విమర్శకుడు మరెవరో కాదు, బెర్నార్డ్ షాయే. ‘పిగ్మాలియన్’ ఆ గర్హణకు కొనసాగింపు అని నాకనిపిస్తుంది.

అందులో ధ్వనిశాస్త్రవేత్త హిగ్గిన్సు, పూలమ్మే ఎలైజాకు దొరసాని ఉచ్చారణ నేర్పుతానని పందెం కాసి గెలుస్తాడు. గెలిచిన రాత్రి ఆమె ఊసే ఎత్తక, తన చెప్పులేవని వెతుక్కుంటాడు. ఎలైజా ఆ చెప్పులు తీసి అతని మీదికి విసిరి, ఇక తన గతేమిటని నిలదీస్తుంది. తరువాత అంకంలో, తన సొంత భాష మరచిపోయానని, మీ భాష తప్ప వేరే మాట రాదని అంటుంది. అది చదివి నేను పుస్తకం మూసివేశాను.

ఎందుకంటే నేనూ ఒక హిగ్గిన్సునే. పల్లెటూరి బడిలో ఎనిమిదవ తరగతి పిల్ల ఒకతె ‘సదువు’ అనేది. ‘చదువు’ అని నూరుసార్లు పలికించాను. పద్యం ఆమె నోట ముత్యాల్లా రాలేది, అందరికీ ఆమెనే ఉదాహరణగా చూపేవాణ్ణి. ఒకనాడు నా దగ్గరికి వచ్చి, “ఇంటికాడ ఇలా మాట్టాడితే అందరూ నవ్వుతన్నారండి. మరి నేనెక్కడ మాట్టాడాలండి?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేకపోయింది. బాగా చదువుకోమని చెప్పి పంపేశాను. శిష్టభాష నేర్పడం తప్పని ఈనాటికీ అనను. దానికోసం ఇంటిమాటను ‘గ్రామ్యం’ అని వెక్కిరించడం మాత్రం తప్పు. ఆ తప్పు నేను చేశాను.

ఈ నాటకం ముగింపు చాలామందికి రుచించలేదు. 1914లో లండనులో హిగ్గిన్సు వేషం కట్టిన బీర్బోమ్ ట్రీ, చివర ఎలైజాకు పూలు విసిరి పెళ్ళి ఆశ కల్పించాడు. షా మండిపడ్డాడు. 1916లో వెనుకమాట రాసి, ఆమె ఫ్రెడీని పెళ్ళాడి పూల దుకాణం పెట్టిందని తేల్చాడు. అయినా 1938 చలనచిత్రంలోనూ, 1956 ‘మై ఫెయిర్ లేడీ’లోనూ ఎలైజా హిగ్గిన్సు ఇంటికే తిరిగి వచ్చింది. మంగళాంతం కోరే సంప్రదాయంలో పెరిగినవాణ్ణి అయినా, నా ఓటు షాకే. నేర్చినవాడు నేర్పినవాణ్ణి విడిచి తన దారిన నడిచిన రోజే చదువుకు మంగళాంతం. డేగ మళ్ళీ చేతిమీద వాలితే అది మచ్చికే గాని విద్య కాదు.

షాలోనూ లోపం లేకపోలేదు. నాటకం చెప్పవలసినదాన్ని పీఠికలోనూ వెనుకమాటలోనూ తానే ఉపన్యసిస్తాడు. అదీ ఉపాధ్యాయుల జబ్బే కనుక క్షమించాను.

మీకు గిట్టని గొప్ప నాటకమేదో మొహమాటం లేకుండా చెప్పండి. ‘ష్రూ’ పక్షాన వాదించేవారుంటే మరీ సంతోషం.