పాత వెర్షన్‌కు కాపు కాసేవాళ్లు

"అప్‌గ్రేడ్ చేసేయండి సార్, అయిపోతుంది." కొత్త ల్యాప్‌టాప్‌లో వైఫై రావడం లేదని విశాఖలో అడిగినా, హైదరాబాద్‌లో అడిగినా వచ్చే జవాబు ఇదే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు దాటి, అక్కణ్నుంచి లోపలి ఊళ్లకు వెళ్తే ఫోన్ మాట్లాడాలన్నా గుట్టెక్కాల్సిన పల్లెలు ఇంకా ఉన్నాయి. రేషన్ డీలర్లు వేలిముద్ర మిషన్‌ను సిగ్నల్ అందే చోటికి మోసుకెళ్లి, కార్డుదారుల్ని అక్కడికే పిలిపించిన సంగతి మన పేపర్లలోనే వచ్చింది. అలాంటి ఊళ్లో బడి ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నిటికీ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడమంటే జీబీలకు జీబీలు దింపుకోవాలి. ఎక్కణ్నుంచి దింపాలి?

ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలల కంప్యూటర్లు చూసిపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ నెట్ లేకపోయినా వైఫై కావాలి. ఒక మూల పాత డెస్క్‌టాప్‌లో పాఠాలు, తెలుగు వికీపీడియా ప్రతి పెట్టి ఉంచుతాం. పిల్లల ల్యాప్‌టాప్‌లు చిన్న రౌటర్ ద్వారా దాన్ని చేరతాయి. బయటి ప్రపంచంతో లంకె లేకుండానే ల్యాబ్ నడుస్తుంది. ఇందుకు లినక్స్‌లో డెబియన్ స్టేబుల్ లాంటి కుదురైన వెర్షన్ సరిగ్గా సరిపోతుంది. ఒకసారి తెలుగు కీబోర్డు, ప్రింటరు, ఫాంట్లు కుదిరాయంటే ఏళ్ల తరబడి కదలవు. టీచరుకు మళ్లీ నేర్పక్కర్లేదు.

చిక్కల్లా కొత్త సామాను వచ్చినప్పుడే. ఎవరో దాత మంచి మనసుతో నాలుగు చవక ల్యాప్‌టాప్‌లు పంపిస్తారు. స్విచ్ వేస్తే అంతా బాగానే కనిపిస్తుంది, వైఫై గుర్తు మాత్రం రాదు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ అనే కమాండ్ కొడితే రియల్‌టెక్ చిప్, దాని పక్కన 10ఈసీ:సీ821 అనే గుర్తింపు సంఖ్య. అంటే ఆర్‌టీఎల్8821సీఈ. హార్డ్‌వేర్ చెడిపోలేదు. ఆ సంఖ్య తెలిసిన డ్రైవర్ ఆ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో లేదు, అంతే. ఒకసారి అమ్మిన కంపెనీకే ఫోన్ చేశాను. మీరు వాడే సిస్టమ్‌కు సపోర్ట్ లేదని పెట్టేశారు.

ఈ చిప్ కథే తీసుకోండి. డెబియన్ 10 విడుదలైంది 2019 జూలై 6న, 4.19 కెర్నెల్‌తో. రియల్‌టెక్ కొత్త వైఫై చిప్‌ల కోసం రాసిన ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్‌ను మొదటిసారి మోసుకొచ్చిన 5.2 కెర్నెల్ ఆ మర్నాడు, జూలై 7న వచ్చింది. అందులోనూ 8821సీఈకి చోటు దక్కింది 2020 అక్టోబరులో వచ్చిన 5.9లోనే. అప్పటికి ఆ చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లు బజారు నిండా ఉన్నాయి. డెబియన్ 10 వాడేవాళ్లను ఆదుకున్నది బ్యాక్‌పోర్ట్స్. కొత్త ప్యాకేజీలను పాత స్టేబుల్ మీద పనిచేసేలా మళ్లీ కట్టి ఇచ్చే ఆ విభాగాన్ని డెబియన్ 2010లో తనలో కలుపుకుంది. అందులోకి 5.10 కెర్నెల్ వచ్చింది. ఒక పెన్‌డ్రైవ్‌లో ఆ ప్యాకేజీలు, ఫర్మ్‌వేర్ వేసుకుని కొండెక్కితే చాలు. మిగతా సిస్టమ్‌లో ఏదీ కదలకుండా వైఫై వస్తుంది.

కొత్త కోడ్‌ను తెచ్చి పాతదాంట్లో అతికించడమే కదా అని తేలిగ్గా మాట్లాడేవాళ్లున్నారు. అతికించి చూడమనండి. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు ఎప్పుడూ ఒక్క తీరున ఉండవు. 4.15 నాటికి టైమర్లు పెట్టే పద్ధతే మారిపోయింది. 5.0లో యాక్సెస్_ఓకే అనే ఫంక్షన్‌కు ఒక ఆర్గ్యుమెంట్ తీసేశారు. కొత్త డ్రైవర్ కొత్త ఫంక్షన్లను పిలుస్తుంది, పాత కెర్నెల్‌కు అవి తెలియవు. పిలిచే ప్రతి చోటా వెర్షన్ చూసి, ఇది పాతదైతే ఇలా, కొత్తదైతే అలా అని రాయాలి. కంపైల్ అయినంత మాత్రాన పని అయినట్టు కాదు. నిద్రలోంచి లేచాక వైఫై తిరిగి వస్తోందా, గంట వాడాక వేలాడిపోతోందా అన్నది చూడాలి. నిలబడి ఉన్న ఇంటి గోడ బీటవారకుండా కొత్త ద్వారబంధం ఎక్కించడం లాంటి పని ఇది. కొత్త ఇల్లు కట్టడం కంటే చెయ్యి ఎక్కువ తిరిగుండాలి.

కొన్నిసార్లు కావలసింది ఒక్క లైనే. ప్రతి డ్రైవర్‌లో తాను నడపగల పరికరాల సంఖ్యల పట్టిక ఉంటుంది. యూఎస్‌బీ వైఫై డాంగిల్ గుచ్చగానే కెర్నెల్ ఆ పట్టికలు చూస్తుంది, సంఖ్య దొరక్కపోతే ఊరుకుంటుంది. పెట్టె మీద పేరు అదే ఉంచి లోపల చిప్ మార్చి అమ్మే డాంగిళ్లు మన బజార్లో కొల్లలు. లినక్స్ కెర్నెల్ డెవలపర్లు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, క్రిస్ రైట్ 2005లో మొదలుపెట్టిన స్టేబుల్ కెర్నెళ్ల నియమాల్లో మార్పు వంద లైన్లు దాటకూడదన్న కట్టడి ఉంది. అయినా కొత్త పరికరాల సంఖ్యలకు ద్వారం తెరిచే ఉంచారు. ఎవరో ఒకరు ఆ లైను రాసి, పరీక్షించి, పంపాలి. ఆ ఒక్క లైను చలవతో ఒక బడిలో మూలన పడ్డ డాంగిళ్లన్నీ లేచి పనిచేస్తాయి. రాసినవాడికి మెచ్చుకోలు సంగతి దేవుడెరుగు, కమిట్ జాబితాలో చూసేవాడే ఉండడు.

లారీ ఫింగర్ పేరు మనలో ఎందరికి తెలుసు? రియల్‌టెక్ వైఫై డ్రైవర్లను ఏళ్ల తరబడి నెత్తిన వేసుకున్న మనిషి. ఆర్‌టీడబ్ల్యూ88ను పాత కెర్నెళ్ల మీద నడిచేలా మలిచి, ఎవరైనా తీసుకోవచ్చని గిట్‌హబ్‌లో ఉంచాడు. 2024 జూన్ 21న పోయాడు. ఆయన కోడ్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లు మన కొండల్లోనూ ఉన్నాయి. మన టెక్ సభల్లో ఆ పేరు తలచుకోగా నేను వినలేదు. కొత్త యాప్ తెచ్చినవాడికి శాలువా కప్పుతారు, సన్మానపత్రం చదువుతారు. పాతదాన్ని బతికించేవాడు ఎవరికీ కనపడడు.

ఈ చిన్నచూపుకు ఫలితం కనిపిస్తూనే ఉంది. 2023 సెప్టెంబరులో దీర్ఘకాలిక లినక్స్ కెర్నెళ్ల నిర్వహణ గడువును ఆరేళ్ల నుంచి రెండేళ్లకు దించుతున్నట్టు ప్రకటించారు. పాతవి వాడేవాళ్లు తగ్గారన్నారు, నిర్వహించేవాళ్లు అలసిపోయారనీ అన్నారు. అలసిపోరా మరి? ఆ కెర్నెళ్ల మీద వ్యాపారం చేసే సంస్థల్లో ఎన్ని ఈ పనికి మనిషిని పెట్టి జీతమిచ్చాయి? ఏడాది చివర అప్రైజల్‌లో 'కొత్తగా ఏం కట్టావు' అని అడుగుతారే తప్ప 'దేన్ని చెడిపోకుండా ఆపావు' అని అడిగే మేనేజరు నాకింతవరకు తారసపడలేదు.

మన ఇంజినీరింగ్ కాలేజీలకు నా మొర ఒకటే. చివరి ఏడాది ప్రాజెక్టుల కింద హాజరు యాప్‌లూ చాట్‌బాట్‌లూ ఏటా కుప్పలుగా తీసుకుంటున్నారు. ఒక డ్రైవర్‌ను స్టేబుల్ కెర్నెల్‌కు తెచ్చిన పిల్లవాడు వస్తే, ఇందులో నీ సొంతం ఏముందని వెనక్కి పంపకండి. ఆ డ్రైవర్ అసలు చిప్ మీద ఎన్ని రోజులు ఆగకుండా నడిచిందో అడగండి, మార్కులు దానికి వేయండి. పరీక్షించడానికి యంత్రాలు కావాలంటే మా దగ్గరున్నాయి, వైఫై రాక పక్కన పెట్టినవి. వాటి చిప్‌ల సంఖ్యలన్నీ రాసి ఉంచాను, ఏ కాలేజీ అడిగినా పంపిస్తాను.