మిషను కాళ్ళ మీద గ్రానైటు పలక

ఈమధ్య కాఫీ హోటళ్ళలో ఒక ఫ్యాషన్ చూస్తున్నాను. పాత కుట్టు మిషను స్టాండు ఒకటి తెచ్చి, పైన ఉండే మిషను తీసేసి, గ్రానైటు పలకో అద్దమో బిగించి టేబులు చేస్తున్నారు. కొందరి ఇళ్ళలో దాని మీద వాష్ బేసిన్ కూడా పెట్టారు. పోత ఇనుము లతలు, మధ్యలో సింగర్ అని ఇంగ్లీషు అక్షరాలు, కింద కాళ్ళు పెట్టే జాలీ పలక. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ చూసినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న. మరి దీని పైది ఏమైంది?

ఏమైందో హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో తెలిసింది. గురువారం సంత అది. గుండుసూది నుంచి గుమ్మం తలుపుల దాకా అన్నీ పాతవే. తొక్కుడు మిషను కొందామని పోయిన చలికాలం రెండు మూడు వారాలు అక్కడ తిరిగాను. ఒకతని దగ్గర మంచి సింగర్ కనిపించింది. బేరం మొదలుపెట్టగానే అతనే అడిగాడు, "అమ్మా, స్టాండు వరకే కావాలా?" అని. స్టాండు ఒక్కటైతే నాలుగున్నర వేలు. మిషనుతో కలిపితే ఆరు. అంటే కుట్టే మిషను ఖరీదు పదిహేను వందలు, దాని కాళ్ళ ఖరీదు నాలుగున్నర వేలు! "పైది ఎవరూ అడగరమ్మా, ఇనుములో వేసేస్తాం" అన్నాడు చాలా మామూలుగా.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పాత మిషను కొనేటట్టయితే కుట్టడానికి కొనండి. కుట్టే ఉద్దేశం లేకపోతే దాన్ని వదిలేయండి. హాల్లో పూలకుండీ పెట్టుకోవడానికి మార్కెట్లో బోలెడన్ని బల్లలున్నాయి.

అంత పట్టుదల ఎందుకు అంటారా? మన మాటల్లోనే ఉంది కారణం. ఇంగ్లీషులో మెషీన్ అంటే ఏ యంత్రమైనా కావచ్చు. మన ఇళ్ళలో మాత్రం చాలాకాలం 'మిషను' అంటే కుట్టు మిషనే. 'అమ్మాయి మిషను నేర్చుకుంది' అంటే ఏ యంత్రమని ఎవరూ అడిగేవారు కాదు. పెళ్ళిచూపుల్లో వంట వచ్చు, పాట వచ్చు, మిషను వచ్చు అని వరసగా చెప్పేవారు. ఇంట్లో రేడియో నాన్నది, సైకిలు అన్నయ్యది, మిషను అమ్మది. ఆడదాని పేరుతో పిలిచే యంత్రం ఇంకొకటి ఆ ఇళ్ళలో ఉండేదా? నాకైతే గుర్తు లేదు.

మావారి పెద్దత్తయ్య సంగతి చెప్తాను. ముప్పై మూడేళ్ళకే భర్త పోతే, ముగ్గురు పిల్లల్ని మిషను తొక్కి పెంచింది. ఊళ్ళో జాకెట్లు, లంగాలు, బడి పిల్లల యూనిఫారాలు, సంక్రాంతికి ముందు రాత్రి రెండింటి దాకా పరికిణీలు. పెద్దకొడుకు డిప్లొమా ఫీజు దాని మీద వచ్చిందే. ఆవిడ పోయాక పంపకాలు జరిగాయి. బంగారం కంసాలిని పిలిచి గ్రాముల లెక్కన తూచారు. ఇత్తడి బిందెలు లెక్కపెట్టుకున్నారు. రోలు ఎవరికి అన్న దగ్గర కూడా కాసేపు మాటా మాటా అనుకున్నారు. మిషను మాత్రం జాబితాలోనే లేదు. నెల తర్వాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత ఇనుము వాడికి కిలోల లెక్కన వేసేశారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, తల్లి ఫొటోకి ఈరోజుకీ దండ మారుస్తారు. అయితే ఆ ఇంటి మొత్తానికి సంపాదించిపెట్టిన వస్తువు అదొక్కటే అని వాళ్ళకి తట్టలేదు. ఆవిడ చేసింది ఉద్యోగం అని ఎవరూ అనలేదు కదా. "ఖాళీగా ఉన్నప్పుడు ఏదో కుట్టేది" అన్నారు. ఆవిడకి ఖాళీ ఎప్పుడుందో ఆ దేవుడికే తెలియాలి.

సరే, నా మిషను దగ్గరికి వస్తాను. ఐదు వేల ఎనిమిది వందలకి బేరం తెగింది. ఇంటికి తెచ్చి తుడిస్తే కుడిపక్కన పీఠం మీద నంబరు కనిపించింది. సింగర్ మిషన్లకి ఈ నంబరే జాతకం. ముందున్న 'వై' అక్షరాన్ని బట్టి స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య తయారైందని తేలింది. ఆ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది. అది చేసిన మిషను మా బాల్కనీలో నడుస్తోంది.

కొనేవాళ్ళు ఇక్కడ ఒక్క సంగతి జాగ్రత్తగా చూడాలి. మిషను వయసు కన్నా ముఖ్యం, కింద బాబిన్ ఎలా ఉందన్నది. గుండ్రటి బాబిన్, దానికి ఎడమపక్క నుంచి పెట్టే బాబిన్ కేసు ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. మన దేశంలో ఉష లాంటి మామూలు నల్ల మిషన్లన్నీ ఆ సింగర్ నమూనా మీదే వచ్చాయి. అందుకని లూథియానాలో తయారయ్యే బాబిన్లు, కేసులు, సూదులు వీధి చివర లేసులమ్మే కొట్లో దొరుకుతాయి, తొంభై ఏళ్ళ మిషనుకీ సరిపోతాయి. అలా కాకుండా పడవ ఆకారంలో పొడవాటి షటిలు, సన్నటి కడ్డీలాంటి బాబిన్ ఉంటే అది ఇంకా పాత పద్ధతి. చూడముచ్చటగా ఉంటుంది గానీ షటిలు పోయిందంటే మళ్ళీ దొరకడం కష్టం. ఇక చక్రం తిరక్కపోతే భయపడక్కర్లేదు. తుప్పు కాదు, చాలావరకు గడ్డకట్టిన నూనె. పోత ఇనుము చిట్లిందా, స్టాండు కాలు విరిగి అతికించారా అన్నవి చూసుకోండి. వాటికి మందు లేదు.

నాది అసలు కదల్లేదు. ఇదివరకు వాడినవాళ్ళు ఎవరో కొబ్బరినూనె పోసినట్టున్నారు. జుట్టుకి మంచిదైతే మిషనుకీ మంచిదనుకునే ఇల్లు మనది! వంటనూనెలు, కొబ్బరినూనె, ఆముదం ఏవైనా కొన్నాళ్ళకి జిగురైపోతాయి. పావులీటరు కిరసనాయిలు సంపాదించడానికే మా ఆయన నాలుగు కొట్లు తిరగాల్సి వచ్చింది. కదిలే ప్రతి కీలులో రెండేసి చుక్కలు వేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున చక్రాన్ని మెల్లిగా అటూ ఇటూ ఊపడం. బలవంతం చేయకూడదు. మూడో రోజున కదిలింది, నాలుగో రోజున పూర్తిగా తిరిగింది. అప్పుడు కిరసనాయిలు అంతా తుడిచేసి మిషను నూనె వేయాలి. లేకపోతే ఇనుము ఇనుముతో ఒరుసుకుంటుంది. పైన బంగారు రంగు పూలున్నాయే, వాటి జోలికి కిరసనాయిలు గానీ స్పిరిటు గానీ సబ్బునీళ్ళు గానీ పోనివ్వద్దు. స్పిరిటు ఆ పాత లక్క పూతని కరిగించేస్తుంది. మెత్తటి గుడ్డ మీద రెండు చుక్కల మిషను నూనె వేసి తుడిస్తే చాలు.

సూది కింద రెండు మరలు విప్పి పలక తీస్తే, బట్టని నెట్టే పళ్ళ మధ్య దారపు పీచు చాపలా అట్టకట్టి ఉంది. పిన్నీసుతో పీకితే రంగు రంగుల పొరలుగా వచ్చింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అడుగున ఖాకీ. ఎవరి ఇంట్లో ఎవరి నిక్కరో ఆ ఖాకీ. నేను దాన్ని ఒక చిన్న సీసాలో దాచాను, పిల్లలు నవ్వినా సరే.

తర్వాత తోలు బెల్టు, కొత్త బాబిన్ కేసు, బాబిన్ చుట్టే చోట రబ్బరు, సూదులు, ఒకపూట మెకానిక్ కూలి, ఉబ్బిపోయిన చెక్క పైభాగానికి వడ్రంగి. అన్నీ కలిపి మూడు వేలు దాటింది. అంటే తొమ్మిది వేలు. ఆ డబ్బుకి స్టాండుతో సహా కొత్త తొక్కుడు మిషను వచ్చేది, ఆ మాట మా ఆయన కూడా అన్నారు. నిజమే. "పాతది కొంటే ఆదా" అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

అసలు ఈ ఆదా లెక్కే నాకు నచ్చదు. లైనింగు జాకెట్టుకి మా వీధిలో ఆరు వందలు తీసుకుంటున్నారు కాబట్టి నెలకి ఇన్ని కుట్టుకుంటే ఇంత మిగులుతుంది అని ఎవరో ఒకరు లెక్క వేసి చూపిస్తారు. ఆడది ఒక పని మొదలుపెడితే దాన్ని మొదట ఇంటి ఖర్చులో తీసివేతగా చూస్తారు. అలా కుదరకపోతే "మంచి హాబీ" అంటారు. అదే మగవాళ్ళు పాత మోటారు సైకిలు కొని ఏడాదిపాటు విప్పి బిగిస్తే, నెలకి ఎంత మిగిలింది అని ఎవరూ అడగరు. నాకు కుట్టడం వచ్చు. చేతనైన పనికి నా సొంతం అనే పనిముట్టు ఒకటి ఉండాలనిపించింది. అంతకంటే కారణం కావాలా?

గాంధీగారు యంత్రాలకి వ్యతిరేకి అంటారు గానీ, 1924లో ఒకాయనతో మాట్లాడుతూ సింగర్ మిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక పడే అవస్థ చూసి, ఆమె మీద ప్రేమతో సింగర్ దీన్ని తయారుచేశాడని ఆయన చెప్పారు. ఆ ఉద్దేశం గొప్పదే. కానీ 1851లో పేటెంటు తీసుకున్న ఆ ఐజాక్ సింగర్ సంసారం కథ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒకరికి తెలియకుండా ఒకరితో కాపురాలు, ఇరవైమందికి పైగా సంతానం! ఆ పిల్లలందరి బట్టలు ఎవరు కుట్టారో ఏ చరిత్రకారుడూ రాయలేదు.

మోటారు బిగించుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. బతుకుతెరువు కోసం రోజూ ఎనిమిది పది జాకెట్లు కుట్టే ఆవిడకి మోటారు వద్దని చెప్పడానికి నేనెవర్ని? మోకాళ్ళు అరిగి, నడుము పట్టేసిన వాళ్ళని చూశాను. పెద్దత్తయ్య చివరి పదేళ్ళు మెట్లెక్కలేకపోయింది. తొక్కడంలో ఏదో పుణ్యం ఉందని చెప్పేవాళ్ళ మాట నేను వినను. ఇంటి మటుకు కుట్టుకునే వాళ్ళకి మాత్రం కాలే మంచిది. మెడ వంపు దగ్గర ఒక్కొక్క కుట్టుగా ఆగి ఆగి వెళ్ళొచ్చు, కరెంటు పోయినా పని ఆగదు. దీనికి చేతకానివీ ఉన్నాయి. ఇది తిన్నటి కుట్టు ఒక్కటే వేస్తుంది. చీర అంచుకి పీకో చేయదు, సాగే టీషర్టు బట్టలకి పనికిరాదు. వాటికి ఇంకో మిషనో, ఇంకో చెయ్యో చూసుకోవాల్సిందే.

కొత్తగా తొక్కేవాళ్ళకి మొదట తంటా కాళ్ళతోనే. చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం చిక్కుపడి తెగుతుంది. అందుకని మొదటి రెండు రోజులు దారం ఎక్కించకుండా గీతల కాగితం మీద తొక్కండి. కుడిచేత్తో చక్రాన్ని మీ వైపుకి తిప్పి, అప్పుడు కాళ్ళు అందుకోవాలి. ఆ లయ పట్టుబడ్డాక పైన తెల్ల దారం, కింద నల్ల దారం వేసి పాత గుడ్డ మీద కుట్టి చూడండి. నల్లది పైకి చుక్కలుగా కనిపిస్తే పైదారం మరీ బిగువుగా ఉంది. తెల్లది కింద ఉచ్చుల్లా వేలాడితే వదులుగా ఉంది. కుట్టు మధ్యలో తప్పిపోతుంటే మిషనుని తిట్టకుండా ముందు సూది మార్చండి. సూదికి ఒకవైపు చదునుగా ఉంటుంది, అది తిరగబడితే ఒక్క కుట్టూ పడదు. మా అమ్మాయికి ఇదంతా వారంలో వచ్చేసింది. తన జీన్సు తనే కురచ చేసుకుంది. ఆ మందం దగ్గర కాలు ఆపి, చక్రం చేత్తో తిప్పాలని నేను చెప్పకముందే కనిపెట్టింది.

మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసింది. వాళ్ళ అత్తగారి మిషను ఇరవై ఏళ్ళుగా అటక మీద ఉందట, దింపించిందట. "వదినా, బెల్టు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. మిషను సామాన్లమ్మే ఏ కొట్లోనైనా దొరుకుతుంది, కానీ కాస్త పొడవుగా తీసుకో అన్నాను. కింది పెద్ద చక్రం చుట్టూ, పైచక్రం చుట్టూ వేసి చూసి, ఎక్కువైంది కోసి, చివర్లకి చిల్లులు పెట్టి ఇనుప కొక్కెంతో కలపాలి. వారం రోజులకి తోలు సాగుతుంది, అప్పుడు అర అంగుళం కోసి మళ్ళీ కలపాలి. ముందే కురచగా కోసేస్తే మళ్ళీ కొట్టుకి వెళ్ళాల్సిందే.