పుట్టిన దేశాన్ని బట్టి వరుసా?

సంపాదకులకు,

అమెరికా గ్రీన్‌కార్డులపై మీ వ్యాసంలో ‘ఓపిక పడితే వచ్చేదే’ అన్న మాట బాధించింది. కొల్లేటి చేపల చెరువులు తాకట్టు పెట్టి పిల్లల్ని అక్కడికి పంపిన తల్లిదండ్రులు మా వైపు ఉన్నారు. ఉద్యోగ కోటాలో ఏటా సుమారు 1,40,000 కార్డులు; భార్యాపిల్లలూ అందులోనే లెక్క. ఏ దేశానికైనా సాధారణంగా 7 శాతమే. ఇంత జనమున్న భారత్‌కూ అంతే, చిన్న ద్వీపానికీ అంతే! ఈ పరిమితి తీసేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ మరో రూపంలో ఆమోదించింది. రెండూ కలవక చట్టం కాలేదు. ఈలోగా చిన్నప్పుడే వెళ్లిన పిల్లలెందరో 21 నిండి తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోతున్నారు. వాళ్లకు ఏ ఓపిక చెబుతారు? పరిమితి తీస్తే ఇతర దేశాలవారు ఆగాలన్న మీ అభ్యంతరం సబబే. అందుకే 1990 వలస చట్టం నాటి ఆ 1,40,000 సంఖ్యనూ పెంచాలి.

– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం