పాలు మాన్పించడానికి కాదండీ జావ!

"పాలు చాలట్లా బిడ్డకి. అందుకే అట్టా ఏడస్తా ఉంది. ఇంత జావ పోస్తే గమ్మునుంటది."

మా అమ్మ ఈ మాట అన్నప్పుడు నేను ల్యాప్‌టాప్ ముందు హెడ్‌సెట్ పెట్టుకుని మ్యూట్‌లో ఉన్నా. పాపకి అప్పటికి నాలుగు నెలల పాతిక రోజులు. అవతల క్లయింట్ ఏదో డేట్ అడుగుతున్నాడు, ఇవతల పక్క గదిలో ఏడుపు. నేను చెయ్యి ఊపా. "సరే పొయ్యి" అని. ఆ చెయ్యి ఊపడం గురించే ఈ గోలంతా.

ఊరు కలిగిరి. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట. పొగాకు వేలం కేంద్రం పుణ్యమా అని కొందరైనా పేరు విని ఉంటారు, లేదంటే కావలి నించి ఉదయగిరి పోతూ బోర్డు చూసి ఉంటారు. సెలవు అయిపోయాక హైదరాబాదులో పాపని ఎవరు చూస్తారన్న ప్రశ్నకి జవాబు దొరక్క, మేనేజర్ని బతిమాలి మూడు నెలలు ఇంటి నించి పని అని ఒప్పించుకుని అమ్మ దగ్గరికి వచ్చేసా.

సెలవు అంటే గుర్తొచ్చింది. 2017లో చట్టం సవరించి 12 వారాల ప్రసూతి సెలవుని 26 చేసారు. మంచిదే, కాదనను. అందరూ 26 వారాలంటే ఆరు నెలలు కదా, బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇమ్మంటారు కదా, సరిగ్గా సరిపోయిందే అనుకుంటారు. సరిపోదండీ. అందులో 8 వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. నాకు బీపీ వచ్చి డాక్టరమ్మ మంచం దిగొద్దంటే ఏడు వారాలు ముందే పోయాయి. మిగిలింది పంతొమ్మిది. అంటే పాపకి నాలుగు నెలల పది రోజులకి నేను లాగిన్ అయిపోవాలి. ఆకలి మాత్రం ఆ తేదీకి మారదుగా!

ఇక్కడే మన ఇళ్ళల్లో ఓ చిన్న తమాషా జరుగుతుంది. ఎవరూ "సెలవు అయిపోయింది కాబట్టి తిండి పెడదాం" అనరు. "పాలు చాలట్లేదు" అంటారు. మొదటి మాట అంటే తప్పు ఆఫీసుది అవుతుంది. రెండోది అంటే తప్పు తల్లి ఒంటిది. ఏది తేలికో మీకే తెలుసు.

అన్నప్రాసన కూడా అంతే. ఆడపిల్లకి బేసి నెల, మగపిల్లాడికి సరి నెల అని మన పద్ధతి. పాప కాబట్టి ఐదు గానీ ఏడు గానీ. ఏడో నెల నడుస్తోందంటే ఆరు నిండినట్టే కదా! పంచాంగానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థకీ ఇంత చక్కగా పొత్తు కుదిరే చోటు ఇంకోటి ఉండదు. అయినా మేం ఐదుకే పెట్టించాం. ముహూర్తం బాగుందని కాదు, నా లాగిన్ డేట్ దాటిపోయిందని.

సరే, జావ మొదలైంది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. రెండూ నాకు కాల్స్ ఉండే టైములే. పాప గమ్మునుంది, నేను గమ్మునున్నా, అమ్మ "చూశావా" అంది. ఐదు నెలలకి 6.3 కిలోలున్న పిల్ల, ఏడున్నర నెలలకి కావలి తీసుకెళ్ళి తూకం వేయిస్తే 6.5. డాక్టరు గారు కార్డు మీద గీత చూపించారు. గీత పైకెక్కడం మానేసి పక్కకి నడుస్తోంది. మాములుగా నేను ఆఫీసులో ఇలాంటి గ్రాఫ్ చూస్తే అర్ధరాత్రైనా లేచి కూర్చుంటా. ఇంట్లో రెండున్నర నెలలు చూడనే లేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసా. పెద్ద లెక్క కాదు, మీరూ వెయ్యొచ్చు.

తల్లిపాలు 100 మిల్లీలీటర్లలో సుమారు 65 నించి 70 కేలరీలు. గ్లాసుడు, అంటే 200 మి.లీ. అనుకుంటే 130 పైనే. మా అమ్మ కాచే జావ: గ్లాసు నీళ్ళకి రెండు చెంచాల రాగిపిండి, పది గ్రాములు. రాగులు 100 గ్రాములకి 320 చిల్లర కేలరీలు, కాబట్టి పది గ్రాములకి 32. అంటే అదే గ్లాసు, అదే పొట్ట, నాలుగో వంతు సత్తువ. పిల్ల పొట్ట ఎంత? కిలో బరువుకి 30 గ్రాముల లెక్కన మా పాపది 190 దాకా. గ్లాసు జావతో నిండిపోతుంది. నిండిన పొట్ట ఏడవదు. ఏడవని పిల్ల పాలడగదు. అడగని పాలు తగ్గుతాయి, ఎందుకంటే పాలు తాగేకొద్దీ ఊరేవి. అప్పుడు అమ్మ మాట నిజమే అవుతుంది, పాలు చాలవు!

రోజుకి రెండు గ్లాసులు. పోయింది 260, వచ్చింది 64. ఇంచుమించు 200 లోటు. ఆరు నించి ఎనిమిది నెలల పిల్లలకి రోజుకి 600 పైచిలుకు కేలరీలు కావాలి, అందులో 400 పాల నించి వస్తే మిగతా 200 తిండి నించి రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే ఏ 200 అయితే కలపాలో, సరిగ్గా ఆ 200 మేం తీసేసాం. ప్లస్ బదులు మైనస్ పెట్టిన ప్రోగ్రామర్ని నేను ఎన్నిసార్లు తిట్టానో :(

ఇప్పుడు ఇది చదివి "పల్లెటూరి అమ్మమ్మలకి ఏం తెలుసు" అని మొదలెట్టే బ్యాచ్ ఒకటుంటుంది. ఆగండి. నేను లెక్క చూపిస్తే మా అమ్మ ఏమందో తెలుసా? "మా అవ్వ అయితే రాగులు నానబెట్టి, మూట గట్టి, మొలకొచ్చినాక ఎండబెట్టి ఇసిరేది. ఆ పిండి ఎంతేసినా గట్టిపడదు మే. ఇప్పుడు ఎవురికుంది ఓపిక, మిల్లుకాడ ఆడిచ్చుకొస్తా ఉండాం." ఇది మామూలు విషయం కాదు. మొలకల్లో పుట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విరిచేస్తుంది. అందువల్ల రెట్టింపు పిండి వేసినా జావ జారుగానే ఉంటుంది. పిల్ల మింగగలదు, సత్తువా ఉంటుంది. మా ముత్తవ్వ కనిపెట్టిందాంట్లో మనం మొలక తీసేసి, పలచదనం మాత్రం ఉంచుకున్నాం. పై నించి ఆన్‌లైన్‌లో "మొలకెత్తిన రాగి పొడి" అని డబ్బా కొంటే రేటు చూసి కళ్ళు తిరుగుతాయి.

డబ్బా అంటే ఇంకో మాట. 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ సెరెలాక్ మీద రిపోర్టు ఇచ్చింది. ఇండియాలో అమ్మేవాటిలో ఒక్కోసారి పెట్టే కొలతకి సగటున మూడు గ్రాములకి దగ్గరగా అదనపు పంచదార ఉందని, యూరప్‌లో అమ్మేవాటిలో లేదని. అప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ ఊగిపోయాయి. అదే ఏడాది పంచదార కలపని రకాలు తెస్తామని కంపెనీ ప్రకటించింది. మంచిదే. కానీ అదే గ్రూపుల్లో జావలో చెంచా బెల్లం వేసేవాళ్ళు, నాలిక తిరగాలని తేనె నాకించేవాళ్ళు ఎంతమంది! ఏడాది లోపు తేనె వద్దు, అందులో బొటులిజం తెచ్చే బీజాలు ఉండొచ్చు. మన అంగన్‌వాడీ బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడితో పాటు పంచదారా ఉంది. స్విట్జర్లాండ్ దాకా ఎందుకు?

జావ వదిలేసి మేం ఏం చేసామంటే, పాలు ముందు, తిండి తర్వాత. చెంచా వొంచితే జారిపోనంత చిక్కగా మెదిపిన అన్నం, పెసరపప్పు, పైన చెంచా నెయ్యి. ఆ నెయ్యి ఒక్కటే 45 కేలరీలు, అంటే మా పాత జావ గ్లాసు కంటే ఎక్కువే! ఉప్పు, బెల్లం లేవు. గుడ్డు దగ్గర మాత్రం యుద్ధమే జరిగింది, "వేడి చేసుద్ది" అని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపించా: ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత 63.2 శాతం. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము ఆరు నెలలకి అడుగంటుతుంది, పాలల్లో ఉండేది బహు తక్కువ. నీళ్ళ జావతో ఆ లోటు పూడదు. మా నాయన మధ్యలో కల్పించుకుని "గుడ్డే గదా, పెట్టండి" అని పేపర్లో తల దూర్చేసాడు. అలా తేలింది.

మరి ఆ పాలు ఎప్పుడివ్వాలి? అసలు కథ ఇదీ. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు నర్సింగ్ బ్రేకులు మామూలు విరామానికి అదనంగా ఇవ్వాలని చట్టంలో 1961 నించీ ఉంది. మీలో ఎంతమందికి తెలుసు? నాకు తెలీదు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడితే జవాబు: "మీరు ఇంటి నించే పని చేస్తున్నారు కదా, బ్రేక్ అవసరం ఏముంది?" యాభై మంది గానీ అంతకు మించి గానీ ఉంటే క్రెష్ పెట్టాలి, తల్లి రోజుకి నాలుగు సార్లు వెళ్ళి రావచ్చు అని కూడా ఉంది. మా వాళ్ళు పెట్టారు, టై-అప్. ఆఫీసుకి పదకొండు కిలోమీటర్లు. నాలుగు సార్లు వెళ్ళొస్తే 88 కిలోమీటర్లు, మన హైదరాబాదు ట్రాఫిక్‌లో! తండ్రికయితే ప్రైవేటు కంపెనీల్లో ఏ చట్టమూ ఒక్క రోజు ఇవ్వదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి పదిహేను రోజులున్నాయి. మా ఆయన రెండు రోజులు సిక్ లీవ్ పెట్టాడు.

"అమెరికాలో ఇంకా ఘోరం, 12 వారాలు, అదీ జీతం లేకుండా" అని అక్కడి బ్యాచ్‌మేట్ అంటుంది. నిజమే, 1993 నాటి చట్టం. కానీ పాలు పిండుకోడానికి ఏడాది దాకా టైమూ, బాత్‌రూమ్ కాని చోటూ ఇవ్వాలని 2010లోనే ఒక చట్టం వచ్చింది, 2022లో దాన్ని మనలాంటి జీతగాళ్ళకీ విస్తరించారు. తను మీటింగ్ మధ్యలో లేచి వెళ్తుంది, ఎవరూ కిక్కురుమనరు. మనకి చట్టం అంతకు దాదాపు యాభై ఏళ్ళ ముందు నించీ ఉంది, లేచి వెళ్ళే ధైర్యమే లేదు. "మా అక్క ఉద్యోగం చేస్తూనే రెండేళ్ళు పాలిచ్చింది, మనసుంటే మార్గం" అనే మహానుభావులారా, మీ అక్క ఎన్ని మీటింగుల్లో తడిసిన దుపట్టా కప్పుకుని కూర్చుందో ఎప్పుడైనా అడిగారా?

పాపకి ఇప్పుడు పదకొండో నెల. 7.9 కిలోలు. గీత మళ్ళీ ఎక్కుతోంది. హైదరాబాదు వచ్చేసాం, అమ్మా వచ్చింది, పొగాకు పనులయ్యాక నాయన కూడా వస్తాడు. నేను పదకొండింటికీ నాలుగింటికీ క్యాలెండర్ బ్లాక్ చేసా, ఆఫీసు రోజుల్లో పంప్‌తో, ఇంట్లో ఉంటే పాపతో. మొదట్లో దానికి "డిపెండెన్సీ రివ్యూ" అని పేరు పెట్టా. మొన్న మేనేజర్ "నన్నూ యాడ్ చెయ్యి, ఆప్షనల్‌గా" అన్నాడు. అప్పటి నించి పేరు మార్చా. "పాలు" అని తెలుగులోనే రాసా. టీమ్‌లో సగం మంది మనవాళ్ళే, మిగతా సగానికి వాళ్ళే చెప్పుకుంటారు. పదిహేనో నెల నిండేదాకా అది రిపీట్ అవుతుంది.