పేరు కప్పిన పాత్ర

పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అన్న సామెతను మన సాహిత్య సభలలో తఱచుగా వింటూ ఉంటాము. ఒక కావ్యం బాగున్నదని ఒకరు, బాగులేదని మరొకరు వాదించి అలసిపోయినప్పుడు అధ్యక్షులవారు ఈ సామెతను పలికి సభను ముగిస్తారు. ఎవరి రుచి వారిది గనుక దానిని గురించి వాదం నిష్ప్రయోజనమని గ్రహించి మనము ఇండ్లకు వెళ్ళిపోతాము. ఈ ముగింపు నాకు చాలకాలంగా తృప్తి కలిగించడం లేదు. రుచి వ్యక్తిగతమే కావచ్చును. కాని వ్యక్తిగతమైనదెల్ల పరీక్షకు లొంగనిదని ఎవరు చెప్పినారు? నాలుకనే పనిముట్టుగా చేసికొని బ్రతికేవారు ఈ మాటను ఒప్పుకొనరు. వారు ఏండ్ల తరబడి తమ నాలుకలను పరీక్షకు పెట్టుకొంటున్నారు. వారిలోను, పినో న్వార్ అనే ఒక్క ద్రాక్ష నుండి తీసిన వైన్లను ప్రాంతమునకు ప్రాంతము, ఏటికి ఏడు పోల్చి చూచేవారి పద్ధతి మనము తెలిసికొనదగినది.

ఉపాధ్యాయులు, విద్యార్థులు చదివే పుటలో మద్యం ప్రసక్తి ఏమిటని పాఠకులు కోపించవద్దు. ఆ పరీక్షకులు త్రాగరు. గ్రుక్కెడు నోట పోసుకొని, పుక్కిలించి, ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేస్తారు. ఒక పూటలో ఇరువది, ముప్పది వైన్లు చూడవలసినవాడు త్రాగుతూ కూర్చుంటే నడుమనే అతని తీర్పు తూలిపోతుంది. నాకు ఆ అలవాటు లేదు. నేను చెప్పేది చదివి తెలిసికొన్నది. అయినా ద్రాక్ష మనకు క్రొత్తది కాదు. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని తరగతి గదిలో రోజూ చెప్పుతూనే ఉన్నాము. అయితే మన పాఠంలో ద్రాక్ష అంతా ఒక్కటే. అది ఏ కొండవాలున కాచినది, ఏ సంవత్సరపు ఎండకు పండినది అని మనలో ఎవరమూ అడుగలేదు.

బర్గండీవారు అడిగినారు. ఫ్రాన్సు దేశపు తూర్పు భాగంలో దిజోన్ నగరం నుండి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని కొండవాలు ఉన్నది. దాని పేరు కోత్ దోర్. సున్నపురాయి, బంకమన్ను కలిసిన నేల. ఎక్కువ భాగం తూర్పు ముఖం, అనగా ప్రొద్దుటి ఎండ పడే వైపు. 1098లో వెలసిన సీతో మఠపు సన్యాసులు ఇక్కడ ద్రాక్ష పెంచుతూ ఒక్కొక్క చెక్కను వేరువేరుగా గమనించినారు. నేడు ఆ చెక్కలను క్లిమా అంటారు. ప్రతిదానికి ఒక పేరు, ఒక హద్దు. అటువంటివి 1,247 ఉన్నవని లెక్క. 2015లో యునెస్కో వానిని ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చినది. సన్యాసులు గోడ కట్టించిన క్లో ద వూజో అనే తోట ఇప్పటికీ ఉన్నది. విస్తీర్ణం సుమారు 50 హెక్టారులు. యజమానులు మాత్రం దాదాపు 80 మంది! ఒకే గోడ, ఒకే ద్రాక్ష, ఒకే సంవత్సరం. అయినా ఒకరి వైను వలె మరొకరిది ఉండదు. ఏ భాగం నేల వలన వచ్చినది, ఏ భాగం మనిషి చేతి వలన వచ్చినది అని తేల్చడానికి ఇంతకంటె మంచి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

ఈ ద్రాక్ష పెంచేవానికి సుఖం లేదు. గుత్తి పైన్ చెట్టు కాయవలె బిగిసి ఉంటుంది. పేరు దానినిబట్టే వచ్చినదంటారు. న్వార్ అనగా నలుపు. గుత్తి బిగువుగా ఉండడం చేత వాన కురిస్తే కుళ్ళు పట్టుతుంది. త్వరగా చిగిర్చుట చేత వసంతకాలపు మంచుకు మాడుతుంది. 1395లో బర్గండీ ప్రభువైన ఫిలిప్, కష్టం లేకుండా విరగకాచే గామే అనే మరొక ద్రాక్షను పెరికివేయుడని శాసించవలసి వచ్చినదంటే, రైతుల మనస్సు ఎటు మొగ్గుతూ ఉండినదో ఊహించవచ్చును. పినో న్వార్ తోలు పలుచన. ఎఱ్ఱదనం తోలు నుండియే వస్తుంది గనుక వైను రంగు కూడ పలుచన. బరువు లేదు, కాటు లేదు, చీకటి లేదు. అందుచేత దీనిలో ఏదీ దాగదు. నేల, ఎండ, మనిషి తొందర, మనిషి ఓపిక అన్నీ పైకి కనబడతవి. ఆడంబరం లేని శైలిలో వ్రాసేవాని తప్పులు త్వరగా పట్టుబడినట్లే.

పోల్చడానికి వారు రెండు దారులు పెట్టుకొన్నారు. ఒకే సంవత్సరపు వైన్లను వేరువేరు తోటల నుండి తెచ్చి చూడడం అడ్డపు పోలిక. ఒకే తోటలోని వైన్లను ఏడు మార్చి చూడడం నిలువు పోలిక. అడ్డపు పోలికలో నేల మాట్లాడుతుంది. బర్గండీ సున్నపు నేల వేరు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రపు డండీ కొండలలోని అగ్నిపర్వతపు ఎఱ్ఱమన్ను వేరు. న్యూజిలాండు దక్షిణ ద్వీపంలో సెంట్రల్ ఒటాగో అనే చోట ఉన్న పలకరాతి నేల వేరు. ఒటాగోలో పంట కోసేది మార్చి, ఏప్రిల్ నెలలలో. అక్కడి వైను రంగులోను, పండు రుచిలోను చిక్కగా ఉంటుందని ప్రసిద్ధి. నిలువు పోలికలో ఆకాశం మాట్లాడుతుంది. బర్గండీలోని బోన్ పట్టణంలో ద్రాక్షకోత ఏ దినమున మొదలైనదో 1354 నుండి 2018 వరకు వరుసగా కూర్చిన పట్టిక 2019లో వెలువడినది. 1987 వరకు కోత సగటున సెప్టెంబరు 28వ తేదీ ప్రాంతాన జరిగినది. 1988 తరువాత అది సగటున 13 దినములు ముందునకు జరిగినది. 2003లో యూరపును వేధించిన వడగాడ్పుల వలన ఆగస్టులోనే కోసినారు. అటువంటి ఏట పండులో తీపి హెచ్చి పులుపు తగ్గుతుంది. చల్లని ఏట పులుపు నిలుస్తుంది. తొలినాళ్ళలో ఆ వైను ముడుచుకొని ఉండవచ్చును.

మన విమర్శలో ఈ రెండు పోలికలూ కలగాపులగమైపోయినవి. ఒక కవి తొలినాటి కృతిని మరొక కవి పరిణత దశలోని కృతి ప్రక్కన పెట్టి, మొదటివాడు చిన్నవాడు, రెండవవాడు పెద్దవాడు అని పరీక్షాపత్రంలో వ్రాయిస్తున్నాము. అది అడ్డమూ కాదు, నిలువూ కాదు.

ఇక మాటల సంగతి. రుచి చూచినవాడు తాను చూచినది చెప్పవలెను గదా. పూర్వం వారు కూడ మనవలెనే గంభీరము, సుకుమారము, రాచఠీవి వంటి మాటలతో తృప్తిపడేవారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో ఆన్ నోబుల్ అనే ఆచార్యురాలు 1984లో ఒక చక్రం ప్రకటించినది. వాసనలను అందులో తెగలుగా విభజించి, ఒక్కొక్క తెగలో ఒక్కొక్క వస్తువు పేరు వ్రాసినది. దానిలో "సొగసు"కు చోటు లేదు. లవంగం ఉన్నది, మిరియం ఉన్నది. ఎందుకనగా లవంగపు వాసన ఉన్నదని నేనంటే మీరు లవంగం తెచ్చి సరిచూడవచ్చును. సొగసు ఉన్నదంటే ఏమి తెచ్చి సరిచూస్తారు? లేత పినో న్వార్‌లో చెర్రీ, రాస్ప్‌బెరీ పండ్ల వాసన అంటారు. ఏండ్లు గడచినదానిలో పుట్టగొడుగు, తడిసిన ఆకులు రాలిన అడవినేల అంటారు. ఈ మాట చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగినది. చెర్రీ పండును నేను తాజాగా తిని ఎరుగను. కాని తడిసిన అడవినేల నాకు తెలుసును. ఒక్క మాటతో ఆ వైను నాకు సగం అందినది. "మనోజ్ఞము", "హృద్యము" అని నింపిన మన వ్యాసాలలో పాఠకునికి అందేది ఎంత?

మాట సరిచూడదగినదైనా మనస్సు మోసపోవడానికి దారులు ఉన్నవి. బోర్డో పట్టణంలో జరిగిన ఒక ప్రయోగాన్ని 2001లో ప్రకటించినారు. 54 మందికి ఒక తెల్ల వైనును, అదే తెల్ల వైనును వాసన లేని ఎఱ్ఱరంగు కలిపి, రెండు పాత్రలలో ఇచ్చినారు. ఎఱ్ఱగా కనబడినదానిని వారు ఎఱ్ఱ వైన్లకు వాడే మాటలతోనే వర్ణించినారు. కన్ను చెప్పినది ముక్కు నమ్మినది. ఇక సీసా మీది పేరు చెప్పితే నాలుక ఏమి నమ్మదు? అందుకే నిజమైన పరీక్షలో సీసాకు గుడ్డ చుట్టుతారు. ఒక్కొక్కప్పుడు నల్లని గాజుపాత్రలో పోస్తారు. మూడు పాత్రల పరీక్ష అని మరొకటి ఉన్నది. రెండింటిలో ఒకటే ద్రవం, మూడవదానిలో వేరొకటి. వేరైనది ఏదో చెప్పవలెను. బాగున్నదా లేదా అని ఎవరూ అడుగరు. భేదం తెలిసినదా అన్నదే ప్రశ్న. పాఠశాలలో దీనికి వైను అక్కరలేదు. రెండు బావుల నీళ్ళు చాలును.

కవిత్వంలో ఈ పరీక్ష జరిగినది. కేంబ్రిడ్జిలో ఐ. ఏ. రిచర్డ్స్ తన విద్యార్థులకు కవుల పేర్లు తీసివేసి పద్యాలిచ్చి, వారు వ్రాసిన అభిప్రాయాలను 1929లో "ప్రాక్టికల్ క్రిటిసిజమ్" అనే గ్రంథంగా వెలువరించినాడు. పేరున్న కవులను తీసిపారేసి అనామకులను మెచ్చుకొన్నవారు అందులో పలువురు. ఇది చదివి నవ్వుకొన్న నాకు కూడ ఒక మిత్రుడు ఒకనాడు ఆ పరీక్ష పెట్టినాడు. పేరు చెప్పకుండా ఒక గేయం చదివినాడు. పేలవంగా ఉన్నదన్నాను. అది పదునైదేండ్లుగా నేను తరగతిలో కొనియాడుతూ వచ్చిన కవిదే. ఇంతకాలం నేను విద్యార్థులకు చెప్పినది గేయాన్ని గురించియా, పేరును గురించియా అన్న ప్రశ్న నాకు ఇప్పటికీ విడలేదు.

అయితే గుడ్డ చుట్టినంత మాత్రాన సర్వం తేలిపోతుందని నేననను. రూడీ కుర్నియావాన్ అనే యువకుడు అమెరికాలో పాత బర్గండీ వైన్ల పేరుతో తాను కలిపిన నకిలీలను కోటీశ్వరులకు అమ్మినాడు. అనుభవజ్ఞులు త్రాగి తలలూపినారు. 2008 ఏప్రిల్‌లో న్యూయార్కులో వేలానికి వచ్చిన సీసాలలో పోన్సో అనే ఇంటివారి క్లో సాఁ దనీ, 1945 నుండి 1971 వరకు పలు సంవత్సరాలది, ఉన్నది. ఆ ఇంటి పెద్ద లోరాన్ పోన్సో స్వయంగా వచ్చి వానిని వేలం నుండి తీయించినాడు. అతడు రుచి చూడలేదు. తమ ఇంట ఆ వైను తీయడం మొదలైనదే 1982లో! కుర్నియావాన్‌కు 2014లో పదేండ్ల శిక్ష పడినది. ఇట్లే, రోమనే-కొంతీ అనే తోటలో 1945 పంట తరువాత పాత తీగలను పెరికివేసినారు. 1952 వరకు దాని పేర వైను రాలేదు. ఆ 1945 నాటి సీసా ఒకటి 2018లో 5,58,000 డాలర్లకు అమ్ముడుపోయినది. దానిని కొన్నవాడు త్రాగుతాడో, చూచుకొంటాడో! ఎవరైనా 1948 నాటి సీసా అని తెస్తే మూత తీయవలసిన పని లేదు. శ్రీనాథుని చాటువని చెప్పిన పద్యంలో మిరపకాయ కనబడితే ఛందస్సు చూడవలసిన పని లేనట్లే. బాగున్నదా అని తేల్చేది నాలుక. ఎవరిది అని తేల్చేది చరిత్ర. ఒకదాని పని మరొకదానిచేత చేయించినప్పుడే మోసం సాగుతుంది.

పైన చెప్పిన ఆరెగాన్ ఎఱ్ఱమన్నుకు ఒక కథ ఉన్నది. డేవిడ్ లెట్ అనేవాడు 1965లో అక్కడి విల్లామెట్ లోయకు పినో న్వార్ కొమ్మలు తెచ్చి నాటినప్పుడు అక్కడ ఆ ద్రాక్ష పండదన్నారు. 1979లో పారిస్‌లో గో-మియో పత్రికవారు జరిపిన పోటీలో అతని 1975 నాటి ఐరీ వైను బర్గండీలతో సమానంగా నిలిచినది. బోన్ పట్టణపు పెద్ద వర్తకుడు రొబేర్ ద్రువే దీనిని నమ్మలేదు. నమ్మలేక ఊరుకొనకుండా, తన వైన్లలో మేలైనవాటిని ఎన్నుకొని 1980 జనవరి 8వ తేదీన పేర్లు కప్పించి మరల పరీక్ష పెట్టించినాడు. అతని 1959 నాటి శాంబోల్-మ్యూసిన్యీకి మొదటి స్థానం, ఐరీకి రెండవ స్థానం వచ్చినవి. నడుమ తేడా 0.2. గెలిచినాననుకొని ఇంటికి పోవచ్చును గదా! అతడు ఆ 0.2 ను మరచిపోలేదు. 1987లో డండీ కొండలలో భూమి కొన్నాడు. అక్కడి వైను తీసే బాధ్యత కుమార్తె వెరోనిక్ వహించినది. ఇప్పుడు సున్నపు నేల పినో న్వార్ ఒకటి, ఎఱ్ఱమన్ను పినో న్వార్ ఒకటి, రెండూ ఆ ఇంటి నుండియే వస్తున్నవి. వానిని పోల్చదలచినవాడు గుడ్డ చుట్టనక్కరలేదు. రెంటి మీదా ఉన్న పేరు ఒక్కటే.